మేము లంగరు వేసిన గుట్ట

మా షడ్డకుడు రాజిరెడ్డి అండమాన్ పోయి రాకపోతే నేను సింగూరు నీళ్ళలోకి దిగేవాణ్ణే కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. యాత్రలు రాసేవాళ్ళు తమను ప్రకృతి పిలిచిందనీ, చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే ప్రాణమనీ రాస్తుంటారు. నన్ను ఏ ప్రకృతీ పిలవలేదు. పటాన్‌చెరులో మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి నీళ్ళంటే బోరింగు దగ్గర బిందెల వరస, అంతే. నన్ను ఇంట్లోంచి లేపి పడవ ఎక్కించింది అచ్చంగా కుళ్ళు. అయినా సరే, చూడనివాళ్ళు చూడదగ్గ చోటు కాబట్టి రాస్తున్నాను.

కర్దనూర్

కర్దనూర్ మా అత్తగారి ఊరు. దసరాకు ఇద్దరల్లుళ్ళం అక్కడే కలుస్తాం. పెద్దల్లుడు రాజిరెడ్డి, అంటే నా భార్య సుగుణ వాళ్ళక్క అనసూయ మొగుడు, సర్కారు కంపెనీలో పనిచేస్తాడు. కొన్నేళ్ళకొకసారి కంపెనీయే ఛార్జీలిచ్చి కుటుంబంతో సహా ఊళ్ళు తిప్పుతుంది. మా కంపెనీ మమ్మల్ని గేటు లోపలికీ బయటికీ తప్ప ఎక్కడికీ తిప్పదు.

ఆ దసరాకు రాజిరెడ్డి అండమాన్ నుంచి దిగాడు. తలమీద తెల్ల టోపీ, చేతిలో ఇటుకంత ఫొటోల పుస్తకం. మద్రాసులో పెద్ద ఓడ ఎక్కారట. అక్కడికి పోయాక చిన్న పడవ మాట్లాడుకుని దీవి దీవికీ తిరిగారట.

"ఏం తొందర లేదు తమ్మీ. ఆగబుద్ధయిన కాడ ఆగుడు, తినబుద్ధయితే తినుడు. పొద్దుగూకంగనే సప్పుడు లేని దీవి సూసి పడవాయన లంగర్ ఏస్తడు. ఇగ మనిషి లేడు, మాట లేదు. నీళ్ళ సప్పుడొక్కటే" అని చెప్పుకుపోతున్నాడు.

అన్నం తినగానే కునికే మా అత్తమ్మ ఆ రోజు కళ్ళార్పకుండా వింది. వింటూ వింటూనే కూరగిన్నెలోంచి మూలుగున్న నల్లి బొక్క ఏరి పెద్దల్లుడి కంచంలో వేసింది. అది ప్రతి దసరాకూ ఆయనకే పడుతుంది. దానికి నేను ఎప్పుడో అలవాటు పడ్డాను. నేను అలవాటు పడలేకపోయింది ఆ రోజు సుగుణ ముఖానికి. నోట్లో పెట్టుకున్న ముద్ద నమలడం కూడా మరిచిపోయి వింటోంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నేను చెప్పిన ఏ మాటా ఆమె అట్లా వినలేదు.

"లంగర్ ఏసినంక భయం గాలేదా బావా?" అని అడిగింది.

"భయమెందుకే పిల్లా, అమ్మ ఒళ్ళె పండుకున్నట్టుంటది" అన్నాడాయన.

సుగుణ నావైపు తిరిగి, "మనం గూడ పోవాలె ఒక్కసారి" అంది.

మా అత్తమ్మ అందుకుంది. "మీరేడికి పోతరే. ఆయన డ్యూటీకి పోయి ఇంటికొచ్చుడే పెద్ద యాత్ర."

అందరూ నవ్వారు. సుగుణ కూడా నవ్వింది. నవ్వి, గ్లాసులన్నీ నిండుగానే ఉన్నా, నీళ్ళు తెస్తానని లేచి లోపలికి పోయింది.

స్కూటరు మీద పటాన్‌చెరు తిరిగొచ్చాం. ఇంటి తాళం తీస్తూ సుగుణ మెల్లగా అంది. "అక్కకు ఎన్ని ముచ్చట్లో. ఆ ఇంట్ల కూసుంటే చెప్పుకునేతందుకు నాకు ఒక్క ముచ్చట గూడ లేదు."

ఆమె ఏడవలేదు, సాధించలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. "నేను తీసుకపోత దీవులకు" అన్నాను. ఏ దీవులకు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోదలచుకోలేదు. వచ్చే దసరాకు ఆ ఇంట్లో నా భార్య నోరు విప్పాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి. నాకు కావలసింది అంతే.

క్యాంటీన్

జవాబు మా షిఫ్టులోనే పనిచేసే పోచయ్య దగ్గర దొరికింది. వాళ్ళ ఊరు సింగూరు డ్యాంలో మునిగింది. ఊరి చుట్టూ ఉన్న గుట్టలు మునగకుండా మిగిలి, ఇప్పుడు నీళ్ళ నడుమ దీవులయ్యాయని ఒకరోజు భోజనాల దగ్గర మాటల్లో అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ఇంటికి ఇంత దగ్గర్లో దీవులుంటే నాకు ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదు.

పోచయ్య బావమరిది మల్లేశం అక్కడ చేపలు పడతాడట. ఇక నేను పథకం వేయడం మొదలుపెట్టాను. రాజిరెడ్డి తిరిగినట్టే తిరగాలి. తొందర ఉండకూడదు. ఒక దీవి మీద పక్షులు, ఇంకో దీవి మీద రాత్రి బస, పొద్దున నిమ్మళంగా తిరుగు ప్రయాణం. రోజూ క్యాంటీన్‌లో పోచయ్యను పక్కన కూర్చోబెట్టుకుని అడిగిందే అడిగాను.

"అన్నిట్లకెల్ల సప్పుడు లేని దీవి ఏదే?"

"దర్గ గుట్ట సారూ. ఆడ ఇప్పుడు ఎవ్వరుండరు. ఖాసిం తాతని ముజావర్ ఒక్కడు, దీపం పెట్టనీకి పోయొస్తుంటడు."

"మంచిది. ఆ గుట్ట కాడ లంగర్ ఏస్తమని మీ మల్లేశానికి చెప్పు."

పోచయ్య తినడం ఆపి నన్ను చూశాడు. "నిజంగనా సారూ? మీరు లంగర్ ఏస్తరా?"

"ఏం, నేను ఏయొద్దా?"

"అయ్యో, గట్ల గాదు సారూ. మీ అసొంటోళ్ళు లంగర్ ఏస్తే మావోళ్ళకు శాన సంబురం."

నేను పడవ ఆపితే వాళ్ళకు సంబరమెందుకో నాకు అర్థం కాలేదు. పట్నం వైపు నుంచి పెద్దమనిషి వస్తున్నాడని కాబోలు అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు బాగానే ఉంది.

సంగారెడ్డి బస్టాండ్

కార్తీకం మొదట్లో ఒకరోజు తెల్లవారుజామునే బయలుదేరాం. ముందు ఆదివారం సంతలో రాజిరెడ్డి టోపీ లాంటి టోపీ ఒకటి కొన్నాను. ఆయనది తెలుపు. తెలుపు దొరకలేదు, నీలం తీసుకున్నాను. "గదెందుకు?" అంది సుగుణ. ఎండకు అన్నాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి బస్సు కిటికీలోంచి రుద్రారం దాటిందాకా బయటికే చూసింది.

సంగారెడ్డిలో బస్సు మారాలి. బస్టాండ్‌లో ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. పటాన్‌చెరులో నాలుగిచ్చే ధరకు ఇక్కడ డజను ఇస్తోంది, పైగా బేరం లేకుండానే ఒకటి ఎక్కువ వేసింది. ఎక్కడికని అడిగింది. సింగూరులో దీవులకు అని నేను కొంచెం గొంతు పెంచే చెప్పాను, పక్కన కూర్చున్నవాళ్ళు కూడా వింటారని.

"మొక్కున్నదా?" అంది.

"మొక్కు లేదు. ఊకనే, తిరిగొద్దామని."

"ఊకనే ఎవలన్న పోతరా" అని ఆమె సుగుణ ముఖం చూసింది, నా మతి సరిగ్గా ఉందో లేదో కనుక్కుంటున్నట్టు. మా వైపూ అంతే. తీర్థానికి పోతారు, పెళ్ళికి పోతారు, చావుకు పోతారు. ఊరికే నీళ్ళు చూడడానికి పోయేవాడు మా ఇళ్ళలో రాజిరెడ్డి ఒక్కడే. ఆయన పోయాడు గనుక అది గొప్ప. నేను పోతుంటే సీతాఫలాలమ్మే ఆమెకు కూడా అనుమానం.

ఒడ్డు

మల్లేశం బస్సు దిగే చోటికే ఎదురొచ్చాడు. నల్లగా, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. "దండం పటేలా" అని సంచీ అందుకున్నాడు. వాళ్ళావిడ సుగుణ చేతులు రెండూ పట్టుకుని వదలలేదు. వాడకట్టులో ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి మమ్మల్ని చూశారు. ఒక ముసలాయన ఏకంగా నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. నేను ఉబ్బిపోయాను. అండమాన్‌లో రాజిరెడ్డికి ఇట్లా ఎవడైనా ఎదురొచ్చాడా అనుకున్నాను.

పొద్దున్నే జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టారు. మేము పొద్దున పూట చేప ముట్టం. వాళ్ళకేమో రాత్రి పులుసు పొద్దున తింటేనే రుచి. సుగుణ మొదట మొహమాటపడి, తర్వాత ఇంకో రొట్టె అడిగి మరీ తిన్నది. మా ఇంట్లో నేను ఎంత బాగుందన్నా రెండో రొట్టె వేసుకోని మనిషి. మల్లేశం వాళ్ళావిడ పులుసు మీద కూడా నాకు కొంచెం అసూయ కలిగిందని చెప్పాలి.

తర్వాత పడవ దగ్గరికి తీసుకుపోయారు. నేను పడవ అంటే ముందూ వెనకా కొనదేలి ఉంటుందనుకున్నాను. అక్కడ నీళ్ళ మీద గుండ్రంగా ఉన్నదేదో ఊగుతోంది. వెదురుతో అల్లి, అడుగున తారు పూశారు.

సుగుణ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది. "గిది గంప గద" అంది.

"గంప గాదమ్మా, పుట్టి" అన్నాడు మల్లేశం. "నడుమ కూసోవాలె. ఎవ్వలు నిలబడొద్దు."

అతను ఆ మాట అంటుండగానే నేను అంచు మీద కాలు పెట్టాను. పుట్టి ఒక పక్కకు ఒరిగి, నా ఎడమకాలు మోకాలి దాకా నీళ్ళలోకి పోయింది, చెప్పు బురదలో ఉండిపోయింది. మల్లేశం చేతులు పెట్టి చాలాసేపు వెతికాడు. దొరకలేదు. అండమాన్ ఓడలో మెట్లుంటాయట, పట్టుకోవడానికి కడ్డీలుంటాయట. ఫొటోలో చూశాను.

కొంగల దీవి

పుట్టి తిన్నగా పోదు. తెడ్డు ఒక దెబ్బ వేస్తే సగం చుట్టు తిరుగుతుంది, ఇంకో దెబ్బకు మళ్ళీ ఇటు తిరుగుతుంది. కాసేపు ఒడ్డు కనిపిస్తుంది, కాసేపు డ్యాం, కాసేపు సుగుణ నవ్వు. నడిమిట్లోకి వచ్చాక గాలి లేచి నా నీలం టోపీని ఎత్తుకుపోయింది. అది నీళ్ళ మీద వెల్లకిలా పడి మా వెనకే కొంచెం దూరం తేలుతూ వచ్చి, తర్వాత మునిగిపోయింది. తీద్దామా అని మల్లేశం అడిగాడు. వద్దులే అంది సుగుణ, నన్ను అడగకుండానే.

మొసళ్ళున్నాయా అని ఆమె అడిగితే, "ఉన్నయి గని మన జోలికి రావు, వాటికి చేపలు బొచ్చెడున్నయి" అన్నాడతను. అప్పటి నుంచి సుగుణ చీరకొంగు బిగించి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మొసళ్ళకు మేలు జరగాలని కోరుకున్నాను.

మొదటి దీవి దగ్గరికి పోగానే వాసన కొట్టింది. చెట్లన్నీ కొంగలు. కొమ్మలు, రాళ్ళు, ఆకులు, అన్నీ సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. దిగి నాలుగడుగులు వేయగానే నా భుజం మీద కూడా సున్నం పడింది.

"అండమాన్ల గూడ గిట్లనే కంపు కొడ్తదా?" అంది సుగుణ.

"ఇంతకన్న ఎక్కువ కొడ్తది" అన్నాను వెంటనే.

"బావ చెప్పలే గద."

"ఎందుకు చెప్తడు? మంచియే చెప్పుకుంటరు."

అక్కడ నీళ్ళు నీలంగా ఉంటాయట గదా, అడుగున రంగు చేపలు కనపడతాయట గదా అని ఆమె ఒకటొకటే గుర్తు చేసుకుంటోంది. నా డబ్బుతో, నా సెలవుతో, నా చెప్పు పోగొట్టుకుని తెచ్చిన దీవి మీద కూర్చుని ఆమె రాజిరెడ్డి దీవుల గురించి మాట్లాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. మా వైపు వాగులో చెయ్యి పెడితే ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కోవాలి. ఇక్కడ మల్లేశం దోసిలితో తీసుకుని తాగుతున్నాడు. ఆ తేడా ఆమెకు చెప్పాల్సింది పోయి, సీతాఫలం తిని గింజలు దూరంగా ఊస్తూ కూర్చున్నాను.

ఒక్కటే ధైర్యం. ఇంకా దర్గా గుట్ట ఉంది. మనిషి లేని చోటు, మాట లేని చోటు.

దర్గా గుట్ట

మధ్యాహ్నం దాటాక గుట్ట కనపడింది. పైన చిన్న తెల్ల గుమ్మటం, పక్కన రెండు వేపచెట్లు. దగ్గరయ్యే కొద్దీ రాళ్ళ మీద ఎర్రవీ, పచ్చవీ, తెల్లవీ ఏవో కదులుతున్నాయి. పక్షులేమో అనుకున్నాను.

"ఎంత రంగుల పక్షులు" అన్నాను సుగుణకు చూపిస్తూ.

"అవి చీరెలు" అంది ఆమె.

గుట్ట కింద పుట్లు వరసగా కట్టేసి ఉన్నాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, ఒడ్డంతా మనుషులే. మా పుట్టి కనపడగానే అందరూ లేచి నిలబడ్డారు.

"ఎవలే వీళ్ళంతా?" అని మల్లేశాన్ని అడిగాను.

"జనం పటేలా. నీ లంగర్‌కు వచ్చిన్రు."

"నా లంగర్‌కు జనమెందుకు?"

మల్లేశం తెడ్డు ఆపి వింతగా చూశాడు. "లంగర్‌కు జనం గాక ఇంకేమొస్తయి?"

అప్పుడు నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. దర్గా దగ్గర వండి, వచ్చినవాళ్ళందరికీ పెట్టే అన్నాన్ని లంగర్ అంటారు. నాకు తెలియని మాటేం కాదు. పటాన్‌చెరులో నేనూ వరసలో కూర్చుని ఎన్నోసార్లు తిన్నాను. కానీ దసరా నుంచి నా చెవుల్లో రాజిరెడ్డి లంగరు ఒక్కటే మోగుతోంది. పడవ ఆపే ఇనుప కొక్కెం ఈ నీళ్ళలో ఎవడూ చూడలేదు. నేను దర్గా గుట్ట దగ్గర లంగర్ వేస్తానంటే వీళ్ళు ఇంకేమని అర్థం చేసుకుంటారు. ఆ ముసలాయన నా చేతులు కళ్ళకెందుకు అద్దుకున్నాడో కూడా అప్పుడే తెలిసింది.

"పుట్టి వెనుకకు తిప్పు" అన్నాను.

మల్లేశం తిప్పలేదు. సుగుణ నా చెయ్యి గుంజి, "ఏం లంగర్? ఏం చెప్పినవ్ నువ్వు?" అంది. చెవిలో చెప్పాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎంత నవ్విందంటే పుట్టి ఊగిపోయింది, మల్లేశం కదలొద్దని కేకేశాడు. నేను తల వంచుకున్నాను. ఈ ముచ్చట కర్దనూర్‌లో చెబుతుంది, రాజిరెడ్డి పొట్ట పట్టుకుని నవ్వుతాడు, మా అత్తమ్మ నవ్వి నవ్వి ఇంకో బొక్క ఆయన కంచంలో వేస్తుంది. కళ్ళ ముందు అదంతా కనిపించింది.

పుట్టి ఒడ్డుకు తగిలింది. ఆకుపచ్చ లుంగీ కట్టుకున్న ముసలాయన ముందుకొచ్చి చెయ్యి అందించాడు. ఖాసిం తాత ఆయనే.

"ఆవో బేటా. నీ ఇంతెజార్‌లనే ఉన్నం, పొద్దటి సంది ఎదురుసూస్తున్నం" అన్నాడు. "ఊరు మునిగినంక గీ గుట్ట మీద పొయ్యి ముట్టలేదు. మా రివాజుల లంగర్ అంటే ఒకడు పిలవాలె. పిలిచేటోడు మొదటి పిడికెడు ఏస్తడు, ఇంటికో పిడికెడు తోడైతది. ఊరోళ్ళు తలా ఒక కాలనీకి పోయిన్రు. పిలిచేటోడు లేకపాయె."

పక్కన సాయవ్వ అనే ముసలమ్మ ఇంకో ముసలమ్మను పట్టుకుని ఏడుస్తోంది. ఇద్దరివీ ఒకే గోడకు ఇళ్ళట. ఊరు ఖాళీ చేశాక ఒకరి ముఖం ఒకరు చూడడం ఇదే మొదలట. "నీ పుణ్యాన మా లచ్చవ్వను సూసిన కొడుకా" అని నన్ను పట్టుకుంది.

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని, "అవ్వా, నేను అనుకున్నది గిది గాదు..." అని మొదలుపెట్టాను. నడుం దగ్గర సుగుణ గట్టిగా గిచ్చింది.

"మొదటి పిడికెడు మాదే తాతా" అంది ఖాసిం తాతతో. "పొయ్యేడ ఉన్నది?"

మేమిద్దరం రాత్రి వండుకుందామని తెచ్చిన బియ్యం సంచీ విప్పింది. నా చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది. పిడికెడు తీసి వంటకు పెట్టిన పెద్ద డేగిశాలో వేశాను. ఆ తర్వాత కొంగుముళ్ళు విప్పుకుంటూ, గుడ్డమూటలు విప్పుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు. ఒకరిది బియ్యం, ఒకరిది మసూరు పప్పు, ఒకరిది ఉల్లిగడ్డ, ఇంకొకరిది చింతపండు. సుగుణ చీర ఎగదోపుకుని కట్టెలు సర్దింది, గరిట పట్టుకుంది, ఉప్పు తనే చూసింది. కిచిడీ, పక్కన పుల్లటి ఖట్టా. ఆ వాసనకు నా కడుపు గోలపెట్టింది.

మా అత్తగారింట్లో అల్లుడికి ముందు పెడతారు. ఇక్కడ రివాజు తిరగేసి ఉంది. పిలిచినవాడు అందరికంటే చివర తినాలి. రాయి మీద కూర్చుని ప్రతి ఒక్కరూ మారు అడిగి తినడం చూస్తూ ఉండిపోయాను. తిన్నవాళ్ళందరూ లేచి సుగుణ దగ్గరికే పోతున్నారు. నీ పేరేంది, మీ అమ్మగారిదే ఊరు, చల్లగుండు బిడ్డా అని తల నిమురుతున్నారు. పిలిచింది నేను. నోరు జారింది నేను. దీవెనలన్నీ ఆమెకు. నేను రాజిరెడ్డిని వదిలి ఇప్పుడు సొంత భార్య మీద కుళ్ళుకుంటున్నానని కాసేపటికి గాని తెలియలేదు.

ఆఖర్న నాకు డేగిశా అడుగు వచ్చింది. మాడు వాసన, పొగ వాసన. సుగుణ నా పక్కన కూర్చుని అదే కంచంలో తిన్నది. ఇంత రుచిగా ఏదీ తిన్న గుర్తు లేదు.

ఇసుర్రాయి

పొద్దుగూకే లోపల మల్లేశం పుట్టి తప్ప మిగతా పుట్లన్నీ వెళ్ళిపోయాయి. దూరంలో సాయవ్వ గొంతూ లచ్చవ్వ గొంతూ చాలాసేపు వినిపించాయి, చెరో పుట్టిలోంచి మాట్లాడుకుంటూనే పోయారు. మేము దర్గా అరుగు మీద ఎప్పుడు నిద్రపోయామో తెలియదు.

తెల్లవారాక మల్లేశం మమ్మల్ని తిన్నగా ఒడ్డుకు తీసుకుపోలేదు. కొంచెం దూరం పోయి తెడ్డు లోపల పెట్టాడు. పుట్టి అడుగున ఉన్న గుండ్రాయి ఒకటి తీశాడు. నడుమ కన్నానికి తాడు కట్టి ఉంది. నెమ్మదిగా నీళ్ళలోకి జారవిడిచాడు. తాడు చాలాసేపు దిగి, ఆగింది.

"గదేంది?" అన్నాను.

"ఇసుర్రాయి పటేలా. మా ఇంట్లదే. పుట్టి కొట్టుకపోకుంట ఏస్తం." కిందికి చూపించాడు. "మా ఇల్లు గీడనే. పొద్దున ఒక్క జెర సేపు ఆగి పోత, రోజు."

లంగరు అంటే ఇదేనని అతనికి చెప్పాను. "గిదా? దీన్ని మేం బండ అంటం" అని మొదటిసారి నవ్వాడు.

పుట్టి ఇక తిరగలేదు. గాలి లేదు. మనిషి లేడు, మాట లేదు. కర్దనూర్‌లో రాజిరెడ్డి చెప్పిన ఆ చప్పుడు, నీళ్ళు పుట్టి అంచుకు మెల్లగా తగిలే చప్పుడు, నా చెవులతో నేను విన్నాను. సుగుణ చెయ్యి నీళ్ళలో పెట్టి కిందికి చూస్తోంది. కింద ఏమీ కనపడదు, ఆకుపచ్చటి చీకటి తప్ప. అయినా చూస్తోంది. దసరా రోజు నోట్లో ముద్ద మరిచిపోయిన ముఖం అది. దాన్ని మళ్ళీ చూడాలని ఎంతగా కోరుకున్నానో చూసినప్పుడు తెలిసింది.

"భయమైతుందా?" అని అడిగాను.

"ఊకో" అంది. "సప్పుడు జెయ్యకు."

మళ్ళీ కర్దనూర్

తిరిగొచ్చాక సుగుణ ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. నేను కూడా అడగలేదు, చెబితే ఎట్లా చెబుతుందోనని భయం. మరుసటి దసరా వచ్చింది. ఆ యేడు వానలు పండుగ దాకా వదల్లేదు. కర్దనూర్‌లో రేకుల మీద వాన దడదడలాడుతుంటే లోపల భోజనాలకు కూర్చున్నాం. రాజిరెడ్డి ఈసారి ఎక్కడికీ పోలేదు గనుక మళ్ళీ అండమాన్ ఫొటోలే తెరిచాడు.

"లంగర్ ఏసినంక ఇగ సూడాలె..." అని మొదలుపెట్టాడు.

"లంగర్ అంటే మా ఆయనను అడుగుండ్రి" అంది సుగుణ.

నేను కంచంలోకి తల వంచాను. ఆమె మొదలుపెట్టింది. టోపీ చెప్పింది, చెప్పు చెప్పింది, గంప చెప్పింది, రంగుల పక్షులు చెప్పింది. అందరూ నవ్వారు. మా అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. కానీ సుగుణ అక్కడ ఆగలేదు. ఖాసిం తాత మాట చెప్పింది, సాయవ్వ, లచ్చవ్వల ముచ్చట చెప్పింది. "నేను గిచ్చకుంటే అంత ఖరాబు చేస్తుండె గని, మొదటి పిడికెడు మా ఆయనదే" అంది. ఇసుర్రాయి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. వాన చప్పుడులో వినపడక అందరూ ముందుకు వంగారు. రాజిరెడ్డి కూడా వంగాడు. ఫొటోల పుస్తకం ఆయన ఒళ్ళో తెరిచినట్టే ఉంది, ఎవరూ చూడడం లేదు.

"మనం అండమాన్ల అన్ని రోజులుంటిమి, ఒక్కలతోని గూడ మాట్లాడకపోతిమి" అంది అనసూయ మొగుడితో.

మా అత్తమ్మ గిన్నెలో గరిట తిప్పి తిప్పి, నల్లి బొక్క నా కంచంలో వేసింది. దాన్ని చూసి రాజిరెడ్డి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తన అన్నం కలుపుకున్నాడు.

చేతులు కడుక్కునే దగ్గర ఆయన నా పక్కకు వచ్చాడు. చెంబు తనే అందుకుని నా చేతుల మీద నీళ్ళు పోశాడు. ఇన్నేళ్ళలో ఆయన నాకు చెంబు అందించింది లేదు.

"తమ్మీ, మల్ల ఎప్పుడు పోతరు?" అన్నాడు. "ఈపారి మమ్మల్ని గూడ తీస్కపోరాదు. మీ అక్కకు శాన మనసైంది."

ఆయన గొంతులో ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఏడాది పాటు నా కడుపులో పెట్టుకుని తిరిగిన వస్తువు, నేను గుర్తుపట్టనా. జాలి పడవలసింది. సరే అన్నా అనవలసింది. కానీ ఆ తెడ్డు ఆగిన చోటు, ఆ తాడు, నీళ్ళలో సుగుణ చెయ్యి గుర్తొచ్చాయి. రాజిరెడ్డి అక్కడ కూర్చుని ఫొటో తీయడం కూడా కనిపించింది.

"ఈయేడు నీళ్ళు లేవట అన్నా" అన్నాను.

చూరు నుంచి వాన మా ఇద్దరి మధ్య ధారలు కట్టి పడుతోంది. వాకిలి నిండి నీళ్ళు గడప దాకా వచ్చాయి. రాజిరెడ్డి ఆ వానను చూశాడు, నన్ను చూశాడు, నమ్మలేక వెనక్కి తిరిగి తలుపు దగ్గర నిలబడ్డ సుగుణను చూశాడు.

"నిజమేనా పిల్లా?" అని అడిగాడు.

సుగుణ కూడా వానను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అవును బావా" అంది. "బండలు తేలినయట."